బొట్టు కింద పసుపు

చిత్తూరు,
నవంబరు 3

నరేంద్రా,

వదిన నుంచి నీకు ఉత్తరం రావడం ఇదే మొదటిసారి. నవ్వకు. ఫోన్ చేద్దామంటే మామయ్య హాల్లోనే కూర్చుని ఉంటారు. వాట్సాప్‌లో రాద్దామంటే, అది కంప్యూటర్లో కూడా తెరిచి ఉంది, ఎవరు చదువుతున్నారో తెలియదు. అందుకని కాగితం పట్టుకున్నాను.

పోయిన వారం నుంచి మామయ్య మెయిల్ దానంతటదే ఉత్తరాలు పంపుతోంది. రిజిస్ట్రారాఫీసు రోడ్డులో ఆయన దగ్గర దస్తావేజులు రాయించుకున్న వాళ్ళందరికీ పోయాయి. "మీ డాక్యుమెంటు జతచేయడమైనది" అని ఉంటుంది. తెరిచిన వాళ్ళ కంప్యూటర్లు పాడైనాయి. జయరావు గారు ఫోన్ చేసి, "ముప్పై ఏండ్లుగా నీ చేతిరాత నమ్మినాను దొరస్వామీ, ఇప్పుడు నీ పేరు చూస్తే భయమేస్తాండాది" అన్నారట. ఆ మాటకు మామయ్య ఆ పూట అన్నం ముట్టలేదు.

తప్పు నాదని తేల్చారు. మేడమీద నా కంప్యూటర్లో పెళ్ళిపత్రికలు చేసి, పెన్‌డ్రైవ్‌లో కిందికి తెచ్చి మామయ్య ప్రింటర్లో తీస్తాను కదా, నా దాంట్లోంచే ఆయన దాంట్లోకి వచ్చిందన్నారు. అది నిజమే కావచ్చు. ఫోన్ చేసిన ప్రతివాళ్ళతోనూ "మా కోడలు ఏదో నొక్కింది" అని చెబుతున్నారు. మీ అన్న మునిప్రసాద్ సంగతి నీకు తెలుసు, నాన్న మాటకు ఎదురు చెప్పడు.

మామయ్య బేరం కూడా కుదిర్చేశారు, డిసెంబరు పదిహేనున పాత కంప్యూటర్లు కొనే నవాబ్ షాపు వాళ్ళు వచ్చి నాది తీసుకుపోతారు. అంతటితో పత్రికల పని కూడా పోయినట్టే.

నువ్వు మొబైల్ షాపులో ఇవన్నీ చూస్తుంటావు. "మావాడు బడి మానేసినా ఆ విద్య తెలిసినోడు, వాణ్ణి పిలిపించండి" అని మామయ్యే అన్నారు. రెండు గంటల బస్సు. ఆదివారం రాలేవా?

భానుశ్రీ

*

తిరుపతి,
నవంబరు 7

వదినకు నరేంద్ర రాసేది.

నీ జాబు అందింది. ఆదివారం రాలేను. కార్తీకమాసం కదా, కొండకు పోయే జనమంతా ఫోన్లు పగలగొట్టుకొని మా అంగడికే వస్తాండారు. సమీవుల్లా అన్న సెలవు ఇవ్వడు. నేను చెప్పేది జాగ్రత్తగా చెయ్యి, నేను వచ్చినట్టే.

మొదట హాల్లో వైఫై పెట్టె వైరు పీకెయ్. అది ఉండేంతవరకు లోపలుండేది బయటోళ్ళతో మాట్లాడతానే ఉంటుంది. ఇంట్లో కుక్క ఉంటే ముందు తలుపు మూస్తాం కదా, అట్లా.

రెండోది, ఆ రెండు కంప్యూటర్లలో ఏ పాస్‌వర్డూ కొట్టొద్దు. కొట్టిన ప్రతి అక్షరమూ అవతలికి పోతుంది. అన్న ఆఫీసు ఫోన్ మన వైఫైకి ఎప్పుడూ తగిలించలేదు కాబట్టి అది మంచిది. దాంట్లో ముందు నాయన మెయిల్ పాస్‌వర్డ్ మార్చు, తర్వాత బ్యాంకువి. ఫోన్‌కు నంబరు వస్తేనే తెరుచుకునే పద్ధతి ఒకటి ఉంటుంది, అది పెట్టు. మిగతా చోట్లంతా లాగౌట్ చెయ్యి. నీ ఫోన్లో, అమ్మ ఫోన్లో వాట్సాప్ ఏయే కంప్యూటర్లకు అంటుకోనుందో చూసి తెంచెయ్.

మూడోది, పెన్‌డ్రైవులన్నీ ఒక డబ్బాలో ఏసి మూత పెట్టు. ఎవరూ ముట్టకూడదు.

ఇవి అయినాక మేడమీద కంప్యూటర్లో ఏమేమి సాఫ్ట్‌వేర్లు ఉండాయో పేర్లు రాసి పంపు. పేర్లు చాలు.

నాయన నన్ను పొగిడినాడంటే నవ్వొచ్చింది. పదో తరగతి మధ్యలో వదిలేసిన రోజు ఆయన అన్న మాటలు నాకింకా గుర్తే. నీ మీద కోపం తగ్గుతుందిలే. పెద్దోళ్ళు అట్లే అంటారు.

నరేంద్ర

*

చిత్తూరు,
నవంబరు 12

నరేంద్రా,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. మామయ్య మెయిల్లోంచి ఉత్తరాలు పోవడం ఆగింది. అత్తమ్మ వాట్సాప్ మనకు తెలియని రెండు కంప్యూటర్లలో తెరిచి ఉంది, తెంచేశాను. "ఇన్నాళ్ళూ నా వంకాయకూర సంగతులన్నీ ఎవడు చదివినాడో పాపం" అని ఆమె ఒకటే నవ్వు. ఇంట్లో ఈ నెలలో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

వైరస్‌ను అడ్డుకునే సాఫ్ట్‌వేర్ ఆపేసి ఉంది. నేను ఆపినట్టు గుర్తు లేదు.

జాబితా వెనకపక్క రాశాను. పేర్లు చాలన్నావు కానీ ఎప్పుడు ఎక్కించారో తేదీలు కూడా పక్కనే కనబడుతుంటే రాశాను. తేదీ లేని కాగితం చెల్లదని మామయ్య దగ్గర నేర్చుకున్నదాన్ని. ఒక్కదానికి మాత్రం రాయలేదు. ఆరోది, తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్. దాని తేదీ నీకు తెలిస్తే నువ్వే రాసుకో.

మొత్తం తుడిచేయాలని నరేంద్ర అంటాడేమో అని మామయ్యతో అన్నాను. ఆయన ఏమన్నారో తెలుసా? "దస్తావేజులో తప్పు పడితే కొట్టేసి పైన రాయకూడదమ్మా. సవరణ దస్తావేజు రాయాల. ఎవరు రాసిచ్చినారో వాళ్ళే మళ్ళీ వచ్చి, తప్పు ఇదీ, ఒప్పు ఇదీ అని సంతకం పెట్టాల." నా మీద కోపంతోనే అన్నారు. నేను ఒప్పుకోవడం లేదని ఆయన బాధ.

నాయుడుపేటలో మా అమ్మకు కూడా తెలిసిపోయింది. ఎవరో చెప్పారు. ఫోన్లో ఏడ్చింది.

వచ్చే ఆదివారమైనా రా.

భానుశ్రీ

*

నాయుడుపేట,
నవంబరు 20

వదినా,

పైన ఊరి పేరు చూసి ఆశ్చర్యపోవద్దు. తిరుపతి అంగడి మానేసినా. ఈడ మునిరత్నం అని ఒకాయన ఫ్యాక్టరీలకు కెమెరాలు బిగిస్తాడు, ఆయనతో తిరుగుతాండా. నిచ్చెన ఎక్కడం, వైర్లు లాగడం. ఒకచోట కుదురుగా ఉండలేవురా నువ్వు అని సమీవుల్లా అన్న తిట్టి పంపించినాడు.

జాబితా చూసినా. ఆరోదాని తేదీ ఏదైతే ఏముందిలే. అన్నీ పోవాల్సినవే. ఒక్కొక్కటి ఏరుకుంటా కూర్చుంటే యాడో ఒక వేరు మిగిలిపోతుంది. రెండు కంప్యూటర్లూ ఫార్మాట్ చేసేయడమే మంచిది.

ఈ కవర్లో రెండు కొత్త పెన్‌డ్రైవులు పెట్టినా. ఎర్రదాంట్లో విండోస్ ఉండాది, మునిరత్నం అన్న కంప్యూటర్లో శుభ్రంగా చేయించినాను. నల్లది ఖాళీ. నాయన దస్తావేజులు, ఫోటోలు, నీ పత్రికలు నల్లదాంట్లోకి తీసుకో. కాగితాలు, బొమ్మలు మాత్రమే. నొక్కితే పనిచేసేవి ఏవీ తీసుకోవద్దు. మళ్ళీ ఎక్కించేముందు పరీక్ష చేయించు. తర్వాత ఎర్రది పెట్టి ఆన్ చెయ్యి, ఏమి నొక్కాలో వరుసగా వెనక రాసినా.

అయినాక ఇంట్లో ప్రతివాళ్ళకూ వేరే పేరు, వేరే పాస్‌వర్డ్. కొత్తవి ఎక్కించే హక్కు ఒక్క పేరుకే ఉండాల, ఆ పేరుతో రోజూ పని చేయకూడదు. వైఫై పెట్టె పాస్‌వర్డ్ కూడా మార్చు, మన వీధిలో సగం మందికి తెలుసు అది.

మేడమీదది ముందు చెయ్యి. దాంట్లోనే ఎక్కువ ఉండేది.

నరేంద్ర

*

చిత్తూరు,
నవంబరు 25

నరేంద్రా,

మామయ్య కంప్యూటర్ అయిపోయింది. మీ అన్న పక్కన నిలబడి నీ కాగితం చదువుతుంటే నేను నొక్కాను. మామయ్య గడపలో కుర్చీ వేసుకుని, ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నట్టు కూర్చున్నారు. దస్తావేజులు ఒక్కటి కూడా పోలేదు. "చూసినావా, యాడనో ఉండి కూడా వాడు ఎంత పని చేసినాడో" అని మీ అన్నతో అన్నారు. నొక్కింది నేను. ఆ మాట ఎవరూ అనలేదు.

మేడమీదది ముందు చేయమన్నావు. చేయలేదు.

ఒకటి అడుగుతాను. ఫార్మాట్ చేస్తే సాఫ్ట్‌వేర్లతో పాటు ఆ తేదీలు కూడా పోతాయి కదా? ఎర్ర పెన్‌డ్రైవ్ పెట్టాను. "అంతా తుడిచేయమంటారా" అని అడిగే చోటు దాకా వెళ్ళాను. అక్కడ ఆపి స్విచ్ తీసేశాను. తుడిస్తే నేనే చేశానన్నది ఒక్కటే మిగులుతుంది.

నేను ఆగుతాను. పదిహేనో తేదీ దాకా టైముంది.

నాయుడుపేటలోనే ఉన్నావు కదా, మా అమ్మ ఒక్కతే ఉంది. బస్టాండు వెనక రెండో వీధి, నీలం గేటు. ఒకసారి కనబడి రా. నువ్వంటే ఆమెకు మొదటినుంచీ ఇష్టం.

భానుశ్రీ

*

తడ,
డిసెంబరు 4

వదినా,

ఇప్పుడు తడలో ఉండా. ఇంకొంచెం పోతే తమిళనాడు. గోడౌన్‌లో పెట్టెలకు స్టిక్కర్లు అంటించే పని. ఇంతకంటే దూరం పోవడానికి నాకు భాష రాదు, అందుకని ఈడ ఆగినా.

మీ అమ్మ దగ్గరికి పోయినాను. గేటు తీసి, నన్ను చూసి, లోపల్నించి పీట తెచ్చి వేసింది. పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ పెట్టింది. నేను తింటా ఉంటే ఎదురుగా కూర్చొని అడిగింది. "మా అమ్మాయి అంత పని చేసిందా నాయనా? నువ్వు తెలిసినోడివి, నువ్వు చెప్తే నమ్ముతా." నేను అన్నం కలుపుతానే ఉండా. "ఇవన్నీ ఎవరికైనా జరుగుతాయత్తా" అన్నా. ఆమె ఇంకొంచెం పెరుగు పోసింది. చెయ్యి కడుక్కొని వచ్చేసినా. మరుసటి రోజే నాయుడుపేట వదిలిపెట్టినా.

ఆరోదాని తేదీ అక్టోబరు ఒకటి. ఆయుధపూజ రోజు.

ఆ రోజు నేను ఇంటికి వచ్చినాను కదా. అమ్మ నాయన పెన్నుకు, రెండు కంప్యూటర్లకు, కత్తిపీటకు, అన్న బండికి బొట్లు పెట్టింది. ఈ పొద్దు వాటికి విశ్రాంతి, రేపు మళ్ళీ పూజ చేసేదాకా ఎవరూ ముట్టకూడదు అనింది. పొంగలి తిని అందరూ పడుకున్యారు. నేను మేడెక్కినా.

నీ పత్రికల్లో అక్షరాలు ఎండిన వడియాల మాదిరి ఉండాయని నువ్వు ఒకసారి అన్యావు. మంచి అక్షరాలు కొనాలంటే చాలా అవుతుందని కూడా అన్యావు. నేను ఒక సైటులో ఊరికే దొరికేది చూసి పెట్టుకోనుంటి. సమీవుల్లా అన్న ఆ సైటు వద్దురా అబ్బా అని మొత్తుకున్నాడు. ఎక్కించే ముందు వైరస్‌ను అడ్డుకునేదాన్ని ఆపమని దాంట్లోనే రాసుంది. కాపలావోణ్ణి బయటికి పంపితేనే లోపలికొస్తానంటే వాడు ఎవడో తెలిసిపోవాల కదా. తెలిసే ఆపినా. మళ్ళీ ఆన్ చేయడం మరిచిపోయినా.

నీకు చెప్పకుండా చేసి, నువ్వు చూసి ఆశ్చర్యపోతే, వీడు చదవకపోయినా పనికొస్తాడు అని నాయన అనాల. అదీ నా ఆశ. అన్నాడు కూడా. నేను చేసిన రోగానికి నేనే మందు రాసి పంపిస్తా ఉంటే అన్నాడు.

ఫార్మాట్ చెయ్యి, మేడమీదది ముందు చెయ్యి అని రాసింది శుభ్రం చేయడానికి కాదు వదినా. ఆ తేదీ పోవడానికి. కొన్ని పనులు ఒకే చేత్తో రెండు విధాలా చేయొచ్చు. నేను అట్లా చేసినా.

ఈ కాగితం నాయన ముందర గట్టిగా చదువు. అన్న, అమ్మ కూడా ఉండాల.

నరేంద్ర

*

చిత్తూరు,
డిసెంబరు 8

నరేంద్రా,

నీ కాగితం మామయ్య ముందర నేను చదవను. మడత పెట్టి ఇదే కవర్లో తిరిగి పంపుతున్నాను. రాసిచ్చినవాళ్ళే రావాలి.

ఇక నా సంగతి కూడా విను. నాకు తేదీ చూడనవసరం లేకపోయింది. పూజ మరుసటి రోజు పొద్దున కంప్యూటర్ ఆన్ చేయబోతే, బటన్ మీద కుంకుమ ఉంది, కింద పసుపు లేదు. నొక్కినప్పుడు అత్తమ్మ పెట్టిన బొట్టు చెరిగితే, ఎవరో మళ్ళీ అద్దారు. అత్తమ్మ అయినా, నేనైనా, మన ఇంట్లో ఏ ఆడమనిషి అయినా ముందు పసుపు పెట్టి దాని మీదనే కుంకుమ పెడుతుంది. ఉట్టి కుంకుమ అద్దడం మగవాడి పని. పూజ రోజు మీ అన్న, మామయ్య కిందనే నిద్రపోయారు. ఇంకెవరున్నారు?

లోపల చూస్తే కొత్త అక్షరాలు ఉన్నాయి. ఎంత బాగున్నాయో. మునక్కాయంత ఒత్తులు, గుండ్రటి "ఠ". నాకోసమే పెట్టావని తెలిసింది. ఎక్కడిదని అడగలేదు. అడిగితే తీసేయాల్సి వస్తుందని అడగలేదు. దాంతో నాలుగు పెళ్ళిపత్రికలు చేశాను. ఆ పెన్‌డ్రైవ్‌ను మామయ్య కంప్యూటర్లో పెట్టింది కూడా నేనే. నన్ను తిట్టినప్పుడు నోరు మెదపకపోవడానికి అదొక కారణం. ఇంకోటి, నీ పేరు చెబితే మామయ్య మళ్ళీ ఆ పదో తరగతి దగ్గరికే పోతారని.

నువ్వే చెబుతావనుకున్నాను. ఒక్కొక్క ఉత్తరానికి ఒక్కొక్క ఊరు దాటావు.

ఆదివారం పద్నాలుగు. మరుసటి రోజు నవాబ్ షాపు వాళ్ళు వస్తారు.

భానుశ్రీ

*

తడ,
డిసెంబరు 11

వదినా,

ఆదివారం పొద్దున్నే బయలుదేరతా. నాయన ఇంట్లో ఉండేటట్టు చూడు. నేను వస్తాండానని చెప్పొద్దు, చెప్తే అమ్మ ఏదో ఒకటి వండుతుంది.

నరేంద్ర

*

చిత్తూరు,
డిసెంబరు 18

నరేంద్రా,

నువ్వు చెప్పినంతసేపూ మామయ్య కళ్ళద్దాలు తుడుస్తూనే ఉన్నారు. "అన్నం తిని పో" అన్నది ఒక్కటే మాట. నువ్వు తినకుండా పోయావు. ఆ తర్వాత జరిగింది నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

నువ్వు వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూశారు. తర్వాత మేడెక్కారు. ఈ ఇంటికి నేను వచ్చినప్పటినుంచి ఆయన నా గదిలోకి రావడం అదే మొదలు. "ఆ తేదీ సూపించమ్మా" అన్నారు. చూపించాను. వేలు పెట్టి చదువుకున్నారు. "పూజ రోజు ముట్టుకున్నాడు" అన్నారు. అంతకంటే పెద్ద తప్పులు ఎన్నో ఉంటే ఆయనకు అదే ముందు కనబడింది.

కిందికి వచ్చి, హాల్లో కూర్చొని, తను ఎవరెవరితో నా పేరు చెప్పారో వాళ్ళందరికీ వరుసగా ఫోన్లు చేశారు. జయరావు గారితో అన్న మాట నాకు వంటింట్లోకి వినబడింది. "నా కోడలు కాదప్పా. నా కొడుకు. నేను ఇచారించకుండా మాట్లాడినాను." అందరితోనూ ఒకటే మాట, ఒకటే వరుస, దస్తావేజు చదివినట్టు.

సోమవారం నవాబ్ షాపు మనిషి వస్తే టీ ఇచ్చి పంపించేశారు.

ఆ తర్వాత నేను ఫార్మాట్ నొక్కాను. కొత్త అక్షరాలు పోయాయి. మళ్ళీ వడియాలే. నా పత్రికలు నల్ల పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, పరీక్ష చేయించాకే ఎక్కించాను. అత్తమ్మ వచ్చి బటన్‌కు పసుపు పెట్టి, కుంకుమ పెట్టింది. "చెప్పినా వాడికి, ముందు పసుపురా అని, చిన్నప్పటినుంచి చెప్పినా" అని కళ్ళు తుడుచుకుంది.

జతపరిచిన కాగితం మామయ్యది. కంప్యూటర్లో కాదు, చేత్తో రాశారు. నీ చిరునామా అడిగి కవరు మీద కూడా ఆయనే రాశారు. నీతో మాట్లాడతారా అంటే ఆ కవరే నా ముందుకు జరిపారు.

భానుశ్రీ

[జతపరిచినది]

సవరణ దస్తావేజు

వ్రాయించుకొన్నవారు: చిత్తూరు కాపురస్థురాలు, మునిప్రసాద్ భార్య భానుశ్రీ.

వ్రాసి ఇచ్చినవారు: 1. చిత్తూరు కాపురస్థుడు దొరస్వామి. 2. సదరు దొరస్వామి రెండవ కుమారుడు నరేంద్ర.

మాలో మొదటివాని నోటివలనను, రెండవవాని మౌనమువలనను తమ పేరునకు కలిగిన తప్పును ఇందుమూలముగా సవరించడమైనది. ఇది మా మనఃపూర్వకముగా వ్రాసి ఇచ్చినది.

1. (సంతకము) దొరస్వామి
2.

సాక్షి:

*

తడ,
డిసెంబరు 22

వదినా,

కాగితం అందింది. రెండో నంబరు పక్కన నాయన పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టినాడు. సంతకం యాడ పెట్టాలో తెలియనోళ్ళకు ఆయన అట్లే పెడతాడు. చిన్నప్పుడు ఆఫీసుకు అన్నం క్యారియర్ తీసుకుపోతే ఆ గుర్తులు చూసేవాణ్ణి. నాకు కూడా ఒకటి పెడతాడని అనుకోలేదు.

ఆయన సంతకం ముందే ఉండాది. నాకంటే పైన. తప్పు నాది, మొదటి పేరు ఆయనది. ఆ కాగితం రెండు రోజులుగా చొక్కా జేబులో పెట్టుకొని పెట్టెలకు స్టిక్కర్లు అంటిస్తాండా.

నేనింకా సంతకం పెట్టలేదు. కోపగించుకోవద్దు. రాసిచ్చేవాడు పెడతా ఉంటే సాక్షి కండ్లారా చూడాల, చూడకుండా పెట్టిన సాక్షి సంతకం చెల్లదు అని నాయన అనేవాడు. సాక్షి చోటు ఖాళీగా ఉండాది.

రేపు పొద్దున చిత్తూరికి బయలుదేరతాండా. దోవలో నాయుడుపేటలో దిగి నీలం గేటు కొడతా. మీ అమ్మ మళ్ళీ పీట తెచ్చి వేస్తుంది, అన్నం పెడుతుంది. ముందు ఈ కాగితం గట్టిగా చదివి వినిపిస్తా. ఆమె చూస్తా ఉండగా సంతకం పెడతా. ఆమె కూడా పెడితే, ఆ తర్వాత తింటా.

నరేంద్ర